పాపయ్య గారి రెండో మరణం

సోమవారం ఉదయం భీమరావు గారు తమ దినచర్య పుస్తకంలో మూడు పనులు రాసుకున్నారు. ఒకటి, పురోహితుని వద్ద నిశ్చితార్థపు ముహూర్తం మరొక్కసారి సరిచూచుకొనుట. రెండు, పందిరి వారికి కబురు చేయుట. మూడు, వెబ్‌సైటు అడుగునున్న సంవత్సరము మార్పించుట. ముప్పై నాలుగేళ్ళు రిజిస్ట్రేషన్ కచేరీలో పరుల దస్తావేజుల మీద తేదీలు సరిచూసి రిటైరైన మనిషికి ఈ మూడింటిలోనూ మూడవదే మిక్కిలి గంభీరమైనదిగా తోచింది.

మదనపల్లె నుంచి నిమ్మనపల్లెకు పోయే దారిలో ఆయన ఇల్లు. ఇంటి వెనుక పాకలో పదకొండు పుంగనూరు పొట్టి ఆవులున్నాయి. ఒకప్పుడు ఊరివాళ్ళ గొడ్లు కాసి బతికిన ఆయన తండ్రి పాపయ్య, కూలికి బదులుగా దొరికిన ఒక్క చూలి ఆవుతో పెంచిన మంద అది. పాపయ్య 2018లో కన్నుమూశారు. ఆయన జ్ఞాపకంగా భీమరావు గారు అదే ఏడు ‘పాపయ్య గోశాల’ పేరిట ఏడు పుటల వెబ్‌సైటు పెట్టించారు. ప్రతి పుట అడుగునా చిన్న అక్షరాలతో ‘సర్వహక్కులు పాపయ్య గోశాలవి, 2018’ అని ఉండేది. ఎనిమిదేళ్ళుగా ఆ అంకె కదలక మెదలక అక్కడే కూర్చుని ఉంది. దానివల్ల ఎవరికీ ఏ హానీ జరగలేదు.

హాని ఆదివారం ఫోనులో మొదలైంది. అవతల కుప్పం నుంచి నారాయణస్వామి గారు. హెడ్‌మాస్టరుగా రిటైరైనవారు, కాబోయే వియ్యంకులు.

“అంతా బాగుండాది సార్. కానీ మీ గోశాల 2018లోనే ఆగిపోయినట్లుండాదే? వెబ్‌సైట్లో కింద ఏడు సూసినా. ఇంతకూ నడస్తాండాదా, లేదా?”

భీమరావు గారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొడుకు ఉదయ్ కిరణ్‌కు ముప్పై మూడేళ్ళు. కుప్పం బ్యాంకులో ఉద్యోగం. ప్రస్తుతం శిక్షణ కోసం నెల రోజులుగా హైదరాబాదులో ఉన్నాడు. పదకొండు సంబంధాలు వచ్చి పోయాయి. నారాయణస్వామి గారి కూతురు వనిత పన్నెండవది. పిల్లకూ పిల్లవాడికీ ఒకరికొకరు నచ్చారు. ఇది ఆ ఇంట్లో ఇదివరకెన్నడూ జరగని సంగతి. ఏప్రిల్ ఐదున నిశ్చితార్థం, మే మొదట్లో పెళ్ళి, ఆపైన అధిక మాసం. ఇటువంటి సంబంధం ఒక పాత అంకె వల్ల చేజారితే తమ ముప్పై నాలుగేళ్ళ సర్వీసుకు అర్థం లేదనుకున్నారాయన.

రవిశంకర్ దుకాణం మదనపల్లె బస్టాండు వెనుక వీధిలో ఉంది. పెళ్ళిపత్రికలు, ఫ్లెక్సీలు, వెబ్‌సైట్లు ఒకే మనిషి ఒకే కుర్చీలో కూర్చుని తయారుచేసే చోటది.

“ఏటేటా వచ్చి మార్పించుకోవల్లంటే మీకు కష్టం గదా సార్,” అన్నాడు రవిశంకర్. “తానే మారిపోయేట్లు పెట్టేస్తా. జనవరి ఒకటో తేదీ మీరు నిద్ర లేసేలోపల ఏడు మారిపోయుంటాది. మీ మనవడి కాలానికి గూడా మళ్ళా నా దగ్గరికి రావాల్సిన పన్లేదు.”

“ఏడు పేజీలుండాయప్పా. ఒకదాంట్లో మార్చి ఇంకోదాంట్లో మర్సిపోతావేమో.”

“అట్లయితే రాసియ్యండి సార్. మీరు రాసిండేదే చేస్తా.”

నోటిమాట మీద భీమరావు గారికి ఏనాడూ నమ్మకం లేదు. తెల్లకాగితం అడిగి తీసుకుని, మార్జిను మడిచి, ఇలా రాశారు: ‘సదరు వెబ్‌సైటులో 2018 అని ఉన్న ప్రతిచోటా ప్రస్తుత సంవత్సరము దానంతటదే కనిపించునట్లు మార్చవలెను. ఏ ఒక్క చోటునూ విడువరాదు.’ రెండో వాక్యం కింద గీత గీశారు. సంతకం చేసి తేదీ వేశారు.

రవిశంకర్ ఏ ఒక్క చోటునూ విడువలేదు. పది నిమిషాలలో పని ముగిసింది. భీమరావు గారు తమ ఫోనులో ఏడు పుటలూ తెరిచి, ఏడింటి అడుగులూ పరీక్షించారు. ఏడుచోట్లా 2026. పైనున్న పాఠమంతా తాము స్వయంగా రాసి, మూడుసార్లు ప్రూఫు దిద్దినదే కనుక, దాన్ని మళ్ళీ చదవవలసిన అగత్యం ఆయనకు కనిపించలేదు. ‘సవరించడమైనది, చూడగలరు’ అని నారాయణస్వామి గారికి సందేశం పంపి, దినచర్య పుస్తకంలో మూడో పనిని కొట్టివేశారు.

నారాయణస్వామి గారు చూడగలిగారు. పరీక్ష పత్రాలు దిద్దిన అలవాటు చొప్పున మొదటి పుట మొదటి అక్షరం నుంచి చూశారు. మూడో పుటకు వచ్చేసరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. అక్కడ ఇలా ఉంది: ‘గోశాల స్థాపకులు పాపయ్య గారు 2026 ఫిబ్రవరి 9న పరమపదించారు. అదే రోజున పుట్టిన గౌరి అను దూడ ఆయన ఆఖరి ఆశీస్సుగా మా మందలో నిలిచినది.’

“ఏమే, మనం పిల్లోడి ఇల్లు సూసేదానికి పోయింది ఏ తేదీ?” అని భార్యను కేకేశారు.

“ఫిబ్రవరి పద్దెనిమిది. యాల?” అంది రెడ్డెమ్మ వంటింట్లోంచి.

“తొమ్మిదో తేదీ వాళ్ళింటి పెద్దాయన పోయినాడంట. అంటే మనం పోయింది తొమ్మిది దినాలకు. పెద్దకర్మ గూడా కాలేదు.”

రెడ్డెమ్మ గరిటె పట్టుకుని బయటికి వచ్చింది. “అయ్యో దేవుడా! ఆయన పెండ్లాం ఆ ముసలామె మన పక్కన కూసోని మూడు బోండాలు తినింది గదా!”

“నాలుగు,” అన్నారు నారాయణస్వామి గారు.

ఇంటి పెద్ద కాలం చేస్తే ఏడాది తిరిగేదాకా ఆ ఇంట శుభకార్యం తలపెట్టరాదు. ఈ ఏటిసూతకం విషయంలో నారాయణస్వామి గారు ఎంత కచ్చితమంటే, దాయాది ముత్తాత పోయినందుకు సొంత ఇంటి గృహప్రవేశం ఆపుకొని ఏడాదిపాటు బాడుగింట్లో ఉన్నారు. అలాగని తొందరపడే మనిషీ కారు. మూడు విధాల విచారించిగాని నిర్ణయానికి రారు.

మొదటి విచారణ వనిత చేసింది. ‘తాతగారి గురించి ఇప్పుడే తెలిసింది. చాలా బాధగా ఉంది’ అని ఉదయ్ కిరణ్‌కు సందేశం పంపింది. ఎనిమిదేళ్ళ కిందటి తాత కోసం ఈ పిల్ల ఇంతగా బాధపడుతున్నదే అని ముచ్చటపడి అతడు వెంటనే జవాబిచ్చాడు: ‘పర్వాలేదు, అలవాటైపోయింది. భోంచేశారా?’

వనిత ఫోను తండ్రి చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

రెండో విచారణ మునిశేఖర్ వద్ద జరిగింది. ఇతడు పుంగనూరులో పొట్టి ఆవుల రైతు సంఘానికి అధ్యక్షుడు. ఈ సంబంధం చూపించినవాడు కూడా. “పాపయ్య గారు పోయినారంట గదా?” అని ఫోనులో అడిగితే, మునిశేఖర్ ఒక నిమిషం ఆగమని, ఇంకో ఫోనులో వెబ్‌సైటు తెరిచి చూశాడు. తనకు తెలియకుండా ఆ ప్రాంతంలో ఒక మరణం సంభవించిందని ఒప్పుకోవడం నాయకత్వానికి మంచిది కాదు.

“నిజమే సార్. నేనే దగ్గరుండినా. నా చెయ్యి పట్టుకోని, ‘మునిశేఖరా, ఆవులు జాగ్రత్తప్పా’ అనేసి కండ్లు మూసినాడు మహానుభావుడు.”

మూడో విచారణకు దంపతులు స్వయంగా బయలుదేరారు. మంగళవారం పరామర్శకు పనికిరాదు కనుక బుధవారం మదనపల్లెకు వచ్చారు.

సంబంధం ఉన్నా ఊడినా, చావు పలకరింపు మాత్రం మానరాదు. ఆ పలకరింపుకు కొన్ని నియమాలున్నాయి: నవ్వరాదు; కాఫీ, నీళ్ళు ముట్టరాదు; బొట్టు పెట్టించుకోరాదు; వెళ్ళేటప్పుడు ‘పోయొస్తాం’ అనరాదు. నారాయణస్వామి గారు, రెడ్డెమ్మ వీటిలో ఒక్కటీ తప్పలేదు. చచ్చినవాడెవడూ లేని ఇంట్లో ఈ నియమాలన్నీ ఒకేసారి పాటిస్తే చూసేవాళ్ళకు ఎలా ఉంటుందో వాళ్ళకు తెలియదు.

“రాండి, రాండి!” అంటూ భీమరావు గారి భార్య పార్వతమ్మ పరుగున కాఫీ తెచ్చింది. రెడ్డెమ్మ ఆ గ్లాసు వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ కుర్చీల అంచున కూర్చున్నారు. గోడ మీద పాపయ్య ఫోటోకు చామంతి దండ ఉంది. నారాయణస్వామి గారు దాన్ని చూసి నిట్టూర్చారు.

“వెబ్‌సైటు సూసినారా సార్?” అని ఉత్సాహంగా అడిగారు భీమరావు గారు.

“సూసినా.”

“ఎట్లుండాది?”

“ఏం జెప్పేది సార్. మీరింత నిబ్బరంగా అడగతాంటే నాకు మాట వచ్చేది లేదు.”

“ఇంగ భయం లేదు సార్. ప్రతి ఏడూ ఇట్లే అయ్యేట్లు ఏర్పాటు చేసినా.”

నారాయణస్వామి గారు ఉలిక్కిపడ్డారు. ఆయన చూపు అప్రయత్నంగా లోపలినుంచి వస్తున్న పాపయ్య భార్య అక్కమ్మ మీద పడింది. ఎనభై రెండేళ్ళ అక్కమ్మ చేతిలో బోండాల పళ్ళెం ఉంది.

“వేడిగా ఉండాయి, తినండమ్మా,” అంది అక్కమ్మ. “పోయిన తూరి నేనే అన్నీ తినేస్తినని మా కోడలు పోట్లాడింది.”

రెడ్డెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాకిట్లో మూడడుగుల ఎత్తున్న గౌరి గడ్డి నములుతూ నిలబడి ఉంది. నారాయణస్వామి గారు దానివైపు చూపించి, “పెద్దాయన పోయిన పొద్దు పుట్టింది ఇదేనా?” అన్నారు.

“ఇదే సార్.”

“పాపం, చిన్నది.”

“మా జాతే చిన్నది సార్,” అన్నారు భీమరావు గారు గర్వంగా.

నారాయణస్వామి గారు లేచి, “ఏడాది పోనీండి. తర్వాత సూస్తాం,” అన్నారు. పార్వతమ్మ కుంకుమ భరిణె తెచ్చేసరికి రెడ్డెమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఒక్క వెక్కు వెక్కి, చెప్పులు తొడుక్కుంది. ఇద్దరూ వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయారు.

“కాఫీ ముట్టలేదు, బొట్టు పెట్టించుకోలేదు, పోయొస్తామని గూడా అనలేదు,” అంది పార్వతమ్మ, భరిణె చేతిలో అలాగే పట్టుకుని. “ఇంగేముండాది? ఇదీ పాయె. పన్నెండోది.”

“ఏడు మార్పించినా గదా!” అన్నారు భీమరావు గారు.

“సావింటికి వచ్చినోళ్ళ మాదిరి వచ్చి పోయినారు గదరా భీమా,” అంది అక్కమ్మ బోండా తుంచుతూ.

ఆ ఇంట్లో అక్కమ్మ మాటంటే అందరికీ గౌరవమే. దాన్ని వినే తీరికే ఎవరికీ లేదు.

శుక్రవారం నాడు, సంబంధం చూపించినవాడినే కారణం అడుగుదామని భీమరావు గారు పుంగనూరు వెళ్ళారు. బస్టాండులో దిగగానే ఎదురుగా పన్నెండడుగుల తండ్రి కనిపించారు. ఫ్లెక్సీలో పాపయ్య కింద ‘అశ్రునివాళి’ అనీ, ‘గోజాతి ముద్దుబిడ్డ అకాల మరణం’ అనీ ఉంది. ఎనభై ఆరేళ్ళకు పోయిన పాపయ్యది అకాలమెలా అయిందో తెలియదు. పాపయ్య తలకు రెండింతలున్న మునిశేఖర్ తల పక్కనే చేతులు జోడిస్తోంది. ఆదివారం ఉదయం పది గంటలకు కల్యాణ మండపంలో సంతాప సభ.

మునిశేఖర్ ఆయనను చూడగానే కౌగిలించుకున్నాడు. “ధైర్యం తెచ్చుకో అన్నా. నేనుండా.”

“మునిశేఖరా, మా నాయన పోయి ఎనిమిదేండ్లయిందప్పా!”

మునిశేఖర్ మెల్లగా కౌగిలి వదిలాడు. “ఎనిమిదేండ్లా? మీ వెబ్‌సైట్లో ఫిబ్రవరి తొమ్మిదని ఉండాదే, ఈ ఏడు?”

భీమరావు గారు ఫోను తీసి, తాము రాసిన పాఠాన్ని ఎనిమిదేళ్ళ తరువాత మొదటిసారి చదివారు. నారాయణస్వామి గారు కాఫీ ఎందుకు ముట్టలేదో, రెడ్డెమ్మ ఎందుకు వెక్కిందో, ‘ప్రతి ఏడూ ఇట్లే’ అన్న తమ మాట వాళ్ళకు ఏమని వినిపించి ఉంటుందో, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

“సభ ఆపేయప్పా.”

“యాల అన్నా ఆపేది? ఇరవై ఫ్లెక్సీలు కట్టినాం. సర్పంచులు వస్తాండారు. ఇప్పుడు ఆయన పోలేదంటే ఏం బాగుంటాది?”

“పోలేదని నేను యాడ చెప్పినా? ఇప్పుడు పోలేదంటాండా.”

“పోయింది నిజమే గదా అన్నా,” అన్నాడు మునిశేఖర్ శాంతంగా. “మరి ఫ్లెక్సీలో తప్పేముండాది?”

భీమరావు గారు అక్కడినుంచే రవిశంకర్‌కు ఫోను చేశారు.

“ఏమప్పా, మా నాయన పోయిన ఏడు గూడా మార్సినావా?”

“మీరే గదా సార్, ఏ ఒక్కటీ విడువగూడదని గీత గూడా గీసి రాసిచ్చినారు. ఆ కాయితం ల్యామినేషన్ జేసి పెట్టుకోనుండా.”

“మరి ఫ్లెక్సీ కొట్టేటప్పుడన్నా నీకు అనుమానం రాలేదా? అడుగున నీ దుకాణం పేరే ఉండాది గదా?”

“వచ్చింది సార్. పెద్దాయన ఎప్పుడో పోయినాడే అనుకుంటి. ఎందుకైనా మంచిదని వెబ్‌సైట్లో సూసి రూఢి చేసుకుంటి.”

“వెంటనే పాత ఏడు పెట్టేయ్!”

“సోమవారం చేస్తా సార్. ఈ రెండ్రోజులు ఫ్లెక్సీల పని మీదుండా. మీ నాయనవే ఇంగా పదుండాయి.”

తిరుగు బస్సులో భీమరావు గారికి అసలు ప్రమాదం బోధపడింది. రవిశంకర్ చేసిన ఏర్పాటు తిరుగులేనిది. ఏ ఏటికాయేడు ఏడు మారుతుంది. ఏ ఏటికాయేడు ఫిబ్రవరి తొమ్మిదిన పాపయ్య మళ్ళీ పరమపదిస్తారు. సూతకం తీరేలోగా కొత్త సూతకం పడుతుంది. అంటే మనవడి కాలం దాకా హామీ ఇచ్చిన ఆ ఏర్పాటు వల్ల మనవడే పుట్టడు.

ఆయన కుప్పానికి ఫోను చేసి జరిగినదంతా వివరించారు. నారాయణస్వామి గారు ఓపికగా విన్నారు.

“సర్టిఫికెట్టు ఉండాదా సార్?”

“ఉండాది సార్! 2018ది. ముద్రతో సహా.”

“అదే సార్ చిక్కు. సర్టిఫికెట్టు పాతది. వెబ్‌సైటు మొన్న మీరే దగ్గరుండి మార్పించింది. మునిశేఖర్ కండ్లార సూసినానన్నాడు. మీ వాడు అలవాటైపోయిందన్నాడు. ఇన్ని సాక్ష్యాల మధ్యన పాత కాయితం ఏం నిలబడతాది? ఆదివారం సభకు వస్తాండాం. ఆడ మాట్లాడుకుందాం.”

ఒక దస్తావేజు పాతదైన కొద్దీ దాని విలువ పెరుగుతుందని జీవితమంతా నమ్మిన భీమరావు గారు, ఇంటికి చేరగానే బీరువాలోంచి ఆ సర్టిఫికెట్టు తీసి ముద్ర మరొక్కసారి సరిచూసుకున్నారు.

ఆదివారం సభకు మూడు వందలమంది వచ్చారు. భీమరావు గారు సర్టిఫికెట్టును ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వచ్చారు. అక్కమ్మ కూడా వస్తానంది. “ఆయనకు అప్పుట్లో ఊళ్ళో పదిమంది గూడా రాలేదు. ఇప్పుడు మూడు నూర్లమంది వస్తాంటే నేను సూడొద్దా?” అని ఆమె వాదన. దివంగతుని ఆఖరి ఆశీస్సు వేదిక పక్కన ఉండాలని మునిశేఖర్ పట్టుబట్టడంతో గౌరిని కూడా ఆటోలో ఎక్కించుకొచ్చారు. అది వెనుక సీటు కింద అక్కమ్మ కాళ్ళ దగ్గర సర్దుకుని పడుకుంది.

మునిశేఖర్ ప్రసంగం గంభీరంగా సాగింది. “నెలన్నర కింద, ఇదే చెయ్యి, ఈ చెయ్యి పట్టుకోని...” అనేసరికి ముందు వరుసలో కొందరు కళ్ళు తుడుచుకున్నారు. “ఆ మహానుభావుడు పోయిన క్షణాన్నే పుట్టిండాది ఈ పసిదూడ! తల్లి పాలు తాగే వయసు. సూడండి, ఇంగా లోకమే తెలీదు దీనికి!”

గౌరి వేదిక మీది పూలదండలో సగం తినేసి, మిగతా సగం వైపు చూస్తోంది.

రెండో వరుసలో కూర్చున్న రెడ్డెమ్మ చాలాసేపటినుంచి దాన్నే గమనిస్తోంది. ఆమె పుట్టిల్లు గుడుపల్లె దగ్గర పల్లె. హెడ్‌మాస్టరును చేసుకోకముందు ఇరవై ఏళ్ళు గొడ్ల మధ్యనే పెరిగిన మనిషి. బుధవారం నాడు పలకరింపు నియమాల వల్ల దూరంనుంచే చూసింది. ఇప్పుడు లేచి, నేరుగా గౌరి దగ్గరికి నడిచి, ఎడమచేత్తో దాని మూతి పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో కింది పెదవి వంచింది.

“ఏమ్మే, ఏం జేస్తాండావు? సభ జరగతాండాది,” అన్నారు నారాయణస్వామి గారు కంగారుగా.

“నువ్వుండు సామీ,” అంది రెడ్డెమ్మ. పళ్ళు చూసింది. కొమ్ముల మొదట వేలితో తడిమింది. పొదుగు వైపు వంగి చూసింది. అప్పుడు మైకుకన్నా పెద్ద గొంతుతో అడిగింది. “ఎవురప్పా ఇది పసిదూడ అనింది? ఎనిమిది పండ్లూ వేసి, అరగబట్టినాయి. కొమ్ముకు నాలుగు ఉంగరాలుండాయి, ఈనినప్పుడల్లా ఒకటి. నాలుగు ఈతల ఆవు! దీనికి ఎంత లేదన్నా ఎనిమిదేండ్లు. ఆయన పోయిన పొద్దే ఇది పుట్టింటే, ఆయన పోయి ఎనిమిదేండ్లు!”

నారాయణస్వామి గారు వచ్చి స్వయంగా గౌరి నోరు తెరిచి, ప్రశ్నపత్రం చూసినట్టు చూశారు. సర్టిఫికెట్టుకు జవాబున్నది గాని పళ్ళకు లేదు.

“ఐదు ఈతలమ్మా,” అంది అక్కమ్మ కుర్చీలోంచి. “మొదటిది నిలవలేదు.”

రెడ్డెమ్మ ఆమెవైపు తిరిగింది. “అవ్వా, నీకు తెలుసు గదా ఆయన ఎప్పుడు పోయినాడో! ఒక మాట చెప్పకూడదా?”

“నా మొగుడు ఎప్పుడు పోయినాడని నన్ను ఎవురన్నా అడిగినారా తల్లీ? అందురూ ఫోన్లనే అడిగిరి.”

మునిశేఖర్ నాయకుడు కావడం ఊరికే కాలేదు. క్షణంలో మైకు అందుకుని, “కనుక, పాపయ్య గారి ఎనిమిదో వర్ధంతి సభకు విచ్చేసిన మీ అందరికీ వందనాలు!” అన్నాడు. ఇద్దరు మనుషులు వెంటనే నిచ్చెన వేసి, ఫ్లెక్సీ మీద ‘అకాల మరణం’ అన్నచోట తెల్లకాగితం అంటించారు. ఆ చెయ్యి ఎవరు పట్టుకున్నారన్న ప్రశ్న ఎవరూ వేయలేదు, భోజనాలు వడ్డిస్తున్నారు.

పంక్తిలో రెడ్డెమ్మ అక్కమ్మ పక్కన కూర్చుని, తన విస్తరిలోని బోండా తీసి ఆమె విస్తరిలో వేసింది. లేచేటప్పుడు పార్వతమ్మ దగ్గరికి వచ్చి, “బొట్టు పెట్టమ్మా, పోయొస్తాం,” అంది. పార్వతమ్మ ఏడ్చేసింది.

ఏప్రిల్ ఐదున నిశ్చితార్థం అనుకున్న ముహూర్తానికే జరిగింది. అంతకు ముందు సోమవారం రవిశంకర్ పాత ఏడు పెట్టేశాడు. ఈసారి భీమరావు గారు ఏమీ రాసివ్వక, పక్కన కూర్చుని పైనుంచి కిందిదాకా ప్రతి అక్షరమూ చదివారు. పాఠమంతా సరిగా ఉంది. అడుగున మాత్రం మళ్ళీ 2018 వచ్చింది. “ఈ ఒక్కచోట ఈ ఏడు పెట్టేదా సార్?” అని రవిశంకర్ అడిగితే, తమంతట తాము తేల్చుకోలేక ఆయన కుప్పానికి ఫోను చేశారు.

నారాయణస్వామి గారు హడలిపోయారు. “వొద్దు సార్, వొద్దు! ఆ ఏడును ఎవురూ తాకొద్దండి. ఆగిపోయిండేదే మనకు మంచిది.”

అందుచేత పాపయ్య గోశాల వెబ్‌సైటు అడుగున ఇప్పటికీ 2018 అనే ఉంది. ఆ తరువాత పాపయ్య మళ్ళీ చనిపోలేదు.